వడ్రంగి తాళం

“ఆ తాళం తీస్తావా, పగలగొట్టించనా?” అంది మేనేజరమ్మ.

“వేసినవాడే తియ్యాలమ్మా, మా పనిలో అది కట్టుబాటు,” అన్నాడు ఎలక్ట్రీషియన్, మెయిన్ స్విచ్‌కి అడ్డంగా నిలబడి. “యంత్రం లోపలికి దిగే ప్రతివాడూ, ఎవరూ కరెంటు పెట్టకుండా, తన తాళం ఒకటి ఇక్కడ తగిలిస్తాడు. బయటికొచ్చాక తీసుకుంటాడు. నాది తీసేశాను. ఇది వడ్రంగిది.”

ఎర్ర తాళం. దానికి వడ్రంగి ఫొటో ఉన్న బిళ్ల.

ఊరి నడిబొడ్డున జర్మనీవాళ్ల తరహాలో చలికాలపు సంత పెట్టించాలన్నది ఆమె పంతం. అప్పుడు నవ్వినవాళ్లే ఇప్పుడు పిల్లాపాపలతో వచ్చి చెక్క కొట్ల మధ్య కిక్కిరిసి ఉన్నారు. మధ్యలో నాలుగంతస్తుల చెక్క పిరమిడ్. ఆరింటికి మేయరు బటన్ నొక్కితే అది మెల్లగా తిరగాలి, బూరలూదే బొమ్మలు ఒక్కొక్కటిగా జనానికి మొహం చూపించాలి. ఇంకా నాలుగు నిమిషాలుంది.

ఆ బొమ్మలకి రంగులేసింది ఆమె భర్తే. నాలుగో బొమ్మకి మొహమే వెయ్యలేదని పొద్దున నలుగురి ముందూ ఆయన్ని కడిగిపారేసింది. అప్పట్నుంచీ మహానుభావుడు ఫోన్ ఎత్తడం లేదు. మూతి ముడుచుకుని ఇంట్లో కూర్చున్నాడు కాబోలు. ఆయన అలకలు ఆమెకి కొత్త కాదు.

“వడ్రంగికి ఫోన్ చెయ్యి!”

“ఎత్తట్లేదమ్మా. కేకేసి చూశాను, ఈ బ్యాండు హోరులో నా గొంతు నాకే వినబడట్లేదు. పైదాకా ఎక్కి చూసొస్తాను, పది నిమిషాలు.”

“పది నిమిషాలా? ఆలోపు పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది!”

“లోపల పళ్ల చక్రాలున్నాయమ్మా. చొక్కా అంచు దొరికినా మనిషిని వదలవు.”

ఆమె సరే, వెళ్లి చూడు అనబోయింది. అంతలో జనంలో వడ్రంగి కనబడ్డాడు. మనవరాలిని భుజాలకెత్తుకుని, నిమ్మకు నీరెత్తినట్టు పాప్‌కార్న్ తింటున్నాడు.

“అదిగో నీ వడ్రంగి! తాళం మర్చిపోయి షికారు కొడుతున్నాడు. ఇంకా ఏమిటి నీ చాదస్తం?”

ఎలక్ట్రీషియన్ ఫొటో చూశాడు, మనిషిని చూశాడు. ఊపిరి పీల్చుకున్నాడు.

“అయినా ఒక్కమాట అడిగొస్తానమ్మా,” అంటూ జనంలోకి పరిగెత్తాడు.

ఆమె ఆగలేదు. అతని సంచిలోంచి కట్టరు తీసి, తాళం తనే తెంచేసి, స్విచ్ పైకెత్తింది.

మేయరు బటన్ నొక్కాడు. పిరమిడ్ లోపల ఏదో కిర్రుమంది. ఒక్క క్షణం ఆగినట్టే ఆగి, మళ్లీ తిరిగింది. చప్పట్లు మిన్నంటాయి. ఆమెకి కళ్లనీళ్లు తిరిగాయి. ఆయన కూడా ఇక్కడుంటే ఎంత బాగుండేది అనిపించింది.

వడ్రంగి జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. మొహంలో నెత్తుటి చుక్క లేదు.

“నా తాళం ఎవరు తీశారమ్మా?”

“నువ్వేగా మర్చిపోయి...”

“నేను మర్చిపోవడమేమిటి! లోపల చిన్న పనుంది, తాళం లేదు అంటే నాది ఇచ్చాను.”

“ఎవరికి?”

వడ్రంగి తలెత్తి బొమ్మల వైపు చూశాడు. పైన మూడో బొమ్మ దాటిపోయింది. నాలుగోది వెలుగులోకి తిరిగింది. దాని మొహానికి సగం దాకా రంగు వేసి ఉంది, ఇంకా ఆరలేదు.