మంటల బొమ్మ

వారం కింద బడికి చూడ్డానికి తెప్పించిన పుస్తకాల్లోంచి లైబ్రరీకి కొనాల్సినవి ఏరమని పిల్లల ఇళ్ల నుంచి ఒక్కొక్కరిని పిలిచారు. కోడలు డ్యూటీలో ఉందని నేను వెళ్ళాను. బొల్లారం మందుల ఫ్యాక్టరీలో రియాక్టర్ పేలి నా కొడుకు పోయి ఏడాది కాలేదు.

చదవడం రాదు కనుక బొమ్మలే చూశాను. మంట కనబడిన ప్రతి పుస్తకాన్నీ, పొయ్యి ఉన్నదాన్ని కూడా, వద్దని పక్కన పెట్టాను.

“గిట్ల ఏరితే ఇగ కుందేళ్ల కథలే మిగుల్తయి అవ్వా,” అంది టీచరమ్మ.

“మా నిషిత బుగులు పడ్తది బిడ్డా.”

అంతలో మనవరాలు నిషితే వచ్చి, అట్ట మీద ఫ్యాక్టరీ తగలబడుతున్న పుస్తకాన్ని తీసుకుంది. నేను లాక్కోబోయాను.

“ఇది కొననియ్యి నానమ్మా. వారం సంది రోజూ సదువుతున్న. ఇందుల నాన్నను పానంతోనే బయటికి తీస్తరు.”