మూడు కాళ్ల బల్బు

"మళ్ల మాడిందా?" అన్నాడు ఓంప్రకాశ్, అంజన్న వ్యాను దిగకముందే.

అంజన్న దిగి వచ్చి, నల్లబడ్డ హెడ్‌లైటు బల్బులు కౌంటరు మీద పెట్టాడు. సిద్దిపేటలో బండ్ల కరెంటు పనికి ఓంప్రకాశ్ పెట్టింది పేరు. అయినా లాభం లేకపోయింది. పాత ఓమ్ని వ్యానుకు కొత్త బల్బు పెట్టడం, వారం తిరక్కుండా అది టప్పున పోవడం. ఏం శని పట్టిందో ఏమో!

చంద్లాపూర్ ఆడవాళ్లను కూరగాయల గంపలతో సహా తెల్లారకముందే రైతుబజారుకు చేర్చడం అంజన్న బతుకుదెరువు. మొన్న ఒక లైటు అప్పటికే పోయి ఉంది. కాలువ పక్క మలుపులో రెండోదీ పోయింది. బ్రేకు అందింది కాబట్టి సరిపోయింది, లేకుంటే అందరూ నీళ్లలోనే.

"ఇంకొక్కసారి గిట్లయితే నీ బండెక్కం బిడ్డా. మాకూ పిల్లలున్నరు," అని వాళ్లలో విజయమ్మ మొహం మీదే చెప్పేసింది. ఆమె అన్నదాంట్లో తప్పేముంది?

"వంద వాట్లది పెట్టరాదు ఓంప్రకాశ్! గట్టిగుంటది."

"హోల్డర్ కరుగుతదన్నా. నీది పాత వైరింగ్. రెండు కాళ్ల హెచ్-సెవెన్ బల్బయితే అసలు పట్టనే పట్టది. నీ బండికి గీ మూడు కాళ్ల హెచ్-ఫోరే, అరవై వాట్లది." వైర్లు లాగి చూశాడు. కరెంటు చూశాడు. తల గోక్కున్నాడు. "అన్నీ మంచిగనే ఉన్నయి. నువ్వే గాజును చేత్తోని పట్టుకుంటున్నట్టున్నవ్. జిడ్డంటితే ఆ జాగల గాజు కాలి పలుగుతది."

"మా అవ్వ తోడు, దస్తీతోనే పట్టుకుంటున్న!" అంజన్నకు ఏడుపొక్కటే తక్కువ.

"అయితే నాకైతే సమజైతలేదు. ఈడ్నే నేను బిగియ్యన్నా?"

"వద్దు. కొత్తది ఏదైనా ముందు ఇల్లు చూడాలె. మా అవ్వ ఊకోదు."

ఇంటికొచ్చి కొత్త బల్బుల డబ్బాలు తల్లి పోశమ్మ చేతికిచ్చాడు. "అవ్వా, గివి గూడ మాడితే ఇగ నా బతుకు బజార్ల వడ్డట్టే."

"ఏం గాదు కొడుకా. దేవుడున్నడు."

అంజన్న ఉతికిన దస్తీ తీసి పెట్టుకుని, చేతులు కడుక్కోవడానికి నల్లా దగ్గరికి పోయాడు.

అతను సబ్బుతో మళ్లీ మళ్లీ చేతులు రుద్దుకుంటుండగా, పోశమ్మ ఎప్పటిలాగే దేవుని గూటి ముందు కూర్చుని, దీపపు నూనెలో కుంకుమ కలిపి, ఒక్కో బల్బు గాజుకు బొట్టు పెట్టి దండం పెట్టుకుని, కొడుకు చూస్తే కోప్పడతాడని కొంగుతో తుడిచి మళ్లీ డబ్బాలో పెట్టేసింది.