తొలి పిట్టపువ్వు

“పువ్వేదే?” గుమ్మంలోంచే అరిచాడు సుబ్బయ్య.

అతని పెళ్ళాం పార్బతి మూల వైపు చూపించింది. చెరుకుతోటలో, సముద్రం దాటొచ్చిన కూలీల లైనులో వాళ్ళ గది మహా అయితే పదడుగులు. మూలన పసుపు రాసిన రాయి, దాని ముందు ఇత్తడి చెంబు. ఆ చెంబులో, బంగళా తోటలో ఉండవలసిన పిట్టపువ్వు! నారింజ రంగు కుచ్చు, నీలం నాలుక, పొడుగాటి ముక్కు. ఇంకెక్కడిది, అదే.

“కోసీసినావా? బుద్దుందా నీకు? ఇయాళే గదే ఫొటో దొర వచ్చేది!”

“తొలిపువ్వు అమ్మోరికి పెట్టకండా ఎవులైనా దొరసానికిస్తారేటి? వంటింటి పని రావాలనే మొక్కుకుని పెట్టినాను.”

“ఆ పని ఈ పువ్వు మీదే ఉందే, పిచ్చిదానా!”

నిజమే మరి. తోటనేలే తెల్లదొర పెద్ద కులంబర్. అతని భార్య, అంటే బంగళా దొరసాని, ఓడలో తెప్పించుకున్న మొక్క అది. సుబ్బయ్య మూడేళ్ళు నీళ్ళు పోస్తే ఒక్కటంటే ఒక్క పువ్వు పూసింది మహాతల్లి. ఫొటో తీసేదాకా అది చెక్కుచెదరకుండా ఉంటే పార్బతిని చెరుకు పని మాన్పించి బంగళా వంటింట్లో పెట్టిస్తానని దొరసాని మాటిచ్చింది.

పార్బతికి ఆ వంటిల్లు కావాలి. చెరుకు పని చూసే తెల్లవాడు, చిన్న కులంబర్, రెండు వారాలుగా ఆమెనొక్కదాన్నే ఏటి అవతలి మడికి పంపుతున్నాడు. పంపి, వెనకాలే గుర్రమెక్కి తనూ వెళ్తున్నాడు. నిన్న చెయ్యి పట్టుకున్నాడు. చెరుకు కత్తి చూపించి బయటపడింది గానీ, రోజూ కత్తి కాపాడుతుందా?

“ఇప్పుడేటి సేద్దాం?” అందామె.

“నా మొకం సేద్దాం. సెంబిలా తే!”

పువ్వుని తువ్వాలులో చుట్టుకుని పరుగెత్తాడు. తోటలో తెగిన కాడ వెక్కిరిస్తున్నట్టు నిలబడి ఉంది. సన్నటి వెదురుపుల్ల చెక్కి సగం కాడలో గుచ్చాడు, మిగతా సగం మీద పువ్వు దించాడు. అతుకు మీద అరటినార చుట్టి, ముందుకో ఆకు లాగాడు. ముడి జారిపోతోంది. అమ్మా, ఈ ఒక్కపూట నిలబెట్టు తల్లీ!

గేటు దగ్గర బండి ఆగనే ఆగింది. ఫొటో దొర మూడుకాళ్ళ పెట్టె దింపి, నల్లగుడ్డలో తల దూర్చాడు. మళ్ళీ బయటికి తీశాడు.

“పువ్వు కాస్త ఇటు తిప్పాలి,” అంటూ చెయ్యి చాచాడు.

సుబ్బయ్య అడ్డం పడ్డాడు. “వద్దు దొరా! కొత్త చెయ్యి తగిలితే వాడిపోద్ది. నేను తిప్పుతా!”

మొక్క మొదలు పట్టుకుని వెంట్రుకవాసి తిప్పాడు. దొర మళ్ళీ గుడ్డలో దూరాడు. సరిగ్గా అప్పుడే లేవాలా గాలి! తోట ఉన్న సబేటో లోయలోని గాలంతా ఆ పువ్వుకే తగులుతున్నట్టుంది. సుబ్బయ్య ఊపిరి బిగబట్టాడు. గాలి తగ్గింది. ఒకటి, రెండు, మూడు. టక్!

ఒకటితో వదిలారా? మరో రెండు తీశారు. ఆపైన వరండాకొకటి, మెట్లకొకటి. పువ్వు నిలబడింది.

“శభాష్ సుబ్బా!” వచ్చీరాని హిందుస్తానీలో అంది దొరసాని. “ఇక కోసి నాకియ్యి.”

కత్తి ఆడించినట్టే ఆడించి, పువ్వు చేతికిచ్చాడు. ప్రాణం లేచొచ్చింది.

“నీ భార్య సంగతి నేను మరిచిపోలేదు. కాగితం రాయించేశాను. సోమవారం నుంచి ఆమె ఈ వంటింట్లోనే. పగలూ రాత్రీ ఇక్కడే ఉండాలి. సరేనా?”

“సరే అమ్మా! నీ కడుపు చల్లగా!” సుబ్బయ్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వంగి దణ్ణం పెట్టాడు.

దొరసాని తన తోటనంతా ఓసారి ఆప్యాయంగా చూసుకుంది.

“శనివారం ఓడలో మేం సిడ్నీ వెళ్ళిపోతున్నాం కదా, ఇక ఈ బంగళా చిన్న కులంబర్‌దే. పాపం, ఒంటరివాడు, వేళకి ఇంత వండి పెట్టమను.”