ఆగితే వేడెక్కే కారు

కారు షెడ్డులోకి రావడమే పొగలు కక్కుకుంటూ వచ్చింది.

డ్రైవింగ్ సీట్లోంచి ఒకావిడ దబదబా దిగింది. నలభై దాటిన మనిషి. మెడలో కొలతల టేపు ఇంకా వేలాడుతోంది, తీసి పెట్టాలన్న ధ్యాస కూడా లేదు. దిగీ దిగగానే బానెట్ ఎత్తి, రేడియేటర్ మూత మీద చెయ్యి వెయ్యబోయింది.

“అమ్మా, ముట్టుకోకండి!” మెకానిక్ ఒక్క అంగలో వచ్చి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. “ఇప్పుడు మూత తిప్పితే మరిగే నీళ్ళు మొహాన కొడతాయి. ఇరవై నిమిషాలైనా చల్లారాలి.”

“ఇరవై నిమిషాలా! అన్నా, పదకొండున్నరకి నేను కోర్టులో ఉండాలి. సాక్ష్యం చెప్పాలి.”

గోడ గడియారం పదీ నలభై చూపిస్తోంది. కోర్టు అక్కడికి ఇరవై నిమిషాల దారి. సమ్మె అని ఆ రోజు బస్సులూ లేవు, ఆటోలూ లేవు.

“ఏం కేసమ్మా?” మెకానిక్ అడిగాడు.

“యాక్సిడెంట్ కేసు. రెండేళ్ళయింది. పొద్దున్నే నా టైలరింగ్ కొట్టు షట్టర్ ఎత్తుతున్నాను. కళ్ళ ముందే పోస్ట్‌మాన్‌ని కారుతో గుద్ది పారిపోయాడు ఒక కుర్రాడు. చూసినవాళ్ళం నలుగురం. ముగ్గురు మెల్లిగా జారుకున్నారు. ఇవాళ నేను కూడా రాకపోతే కేసు కొట్టేస్తామన్నారు.”

మెకానిక్ చేతులు గుడ్డకు తుడుచుకుంటూ నిలబడ్డాడు.

షెడ్డులో వైరింగ్ పనులన్నీ అతని బావమరిదే చూస్తాడు. అతను స్టూలు మీంచి లేచొచ్చి, ఇంజిను మీదకి వంగి, దేన్నీ ముట్టుకోకుండానే పెదవి విరిచాడు.

“ఫ్యాన్ మోటారు కాలిపోయిందమ్మా. పార్టు బయటి నుంచి రావాలి. రేపు సాయంత్రమే.”

టైలరమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు. “పోస్ట్‌మాన్ భార్య కోర్టు మెట్ల మీద నాకోసం ఎదురు చూస్తుంటుందయ్యా! వస్తానని మాటిచ్చాను.”

బావమరిది మెకానిక్‌ని మోచెయ్యి పట్టుకుని పక్కకు లాగాడు. “బావా, రేపటికి పెట్టెయ్. మనం చెడగొట్టామా దాన్ని? దానంతట అదే చెడింది, దానంతట అదే వచ్చి మన దగ్గర ఆగింది.”

చూడకుండానే బండి చావు ప్రకటించే మెకానిక్కులు లోకంలో కొల్లలు. ఇతనూ ఆ బాపతే కాబోలు.

మెకానిక్ చెయ్యి విడిపించుకుని టైలరమ్మ దగ్గరకొచ్చాడు. “దారిలో వేగంగా పోతుంటే వేడి చూపించే ముల్లు కిందికి దిగిందా?”

“దిగింది. ట్రాఫిక్‌లో ఆగినప్పుడల్లా ఎర్రగీత మీదకి పోయింది.”

“ఆగితే వేడెక్కుతోందంటే ఫ్యాన్ దగ్గరే ఉంది తిరకాసు,” అన్నాడు. కానీ పనిలోకి దిగలేదు. టైరు మీద కూర్చున్నాడు. ఇంజిను టిక్కు టిక్కుమంటూ చల్లారుతోంది. టైలరమ్మ గడియారం కేసీ అతని కేసీ చూస్తోంది. పదీ యాభై. పదీ యాభై అయిదు.

“ఆ కుర్రాడు చూసుకోలేదేమోనమ్మా,” అన్నాడు చివరికి. “గుద్దినట్టే తెలియలేదేమో.”

“తెలియకపోవడం ఏమిటన్నా!” టైలరమ్మ ఇంతెత్తున లేచింది. “కారు దిగాడు. దగ్గరికొచ్చి వంగి చూశాడు. పోస్ట్‌మాన్ చెయ్యెత్తి నీళ్ళడిగాడు. వీడు అటూ ఇటూ చూసి, మళ్ళీ కారెక్కి పోయాడు. అప్పటికింకా ప్రాణం ఉందన్నా! నేను పరిగెత్తి వెళ్ళేసరికి...”



మెకానిక్ టైరు మీంచి లేచాడు. అంతే, ఇక మనిషి ఆగలేదు.

గుడ్డ వేసి మూత తిప్పాడు. నీళ్ళు కొద్దిగానే తగ్గాయి, నింపాడు. బ్యాటరీ నుంచి రెండు వైర్లు లాగి నేరుగా ఫ్యాన్‌కి తగిలించాడు. గిర్రున తిరిగింది.

“మోటారు నిక్షేపంలా ఉంది,” అన్నాడు, బావమరిది వైపు చూడకుండా.

ఫ్యూజు తీసి వెలుతురుకి పెట్టి చూశాడు. అదీ బాగానే ఉంది. ఇక మిగిలింది రిలే, ఫ్యాన్‌కి కరెంటు వదిలే బుల్లి డబ్బా. పీకి చెవి దగ్గర ఊపాడు. లోపల ఏదో విరిగి గలగలమంది.

“ఆ రిలే ఊళ్ళో ఎక్కడా దొరకదు బావా!” బావమరిది అరిచినంత పని చేశాడు.

“దొరకక్కర్లేదు.” హారన్ రిలే ఊడదీసి ఫ్యాన్ రిలే చోట గుచ్చాడు. రెండూ ఒకటే సైజు.

ఇంజిను స్టార్ట్ చేశాడు. ముల్లు కదిలింది. ముగ్గురి కళ్ళూ దాని మీదే. సగం దాటింది. ఇంకాస్త. ఫ్యాన్ ఉలకదు, పలకదు. బావమరిది పెదవులు కదులుతున్నాయి, ఎవరికి మొక్కుకుంటున్నాడో ఏమో. ముల్లు ఎర్రగీతకు వేలెడు దూరంలోకొచ్చింది.

అప్పుడు ఫ్యాన్ బుర్రుమని అందుకుంది. ముల్లు వెనక్కి జారింది.

పదకొండూ ఎనిమిది. టైలరమ్మ బ్యాగులో చెయ్యి పెట్టబోయింది.

“అవన్నీ తర్వాత. ముందు వెళ్ళండి. హారన్ మోగదమ్మా, మనుషుల్ని చూసుకుని నడపండి.”

“నీ మేలు మర్చిపోనన్నా!” కారు గేటు దాటి, మలుపు తిరిగింది.

బావమరిది చేతిలోని స్క్రూడ్రైవర్ నేలకేసి కొట్టాడు. “నువ్వసలు మనిషివేనా బావా?”

మెకానిక్ కోర్టులో కూర్చుని ఉన్న భార్యకు ఫోన్ చేసి, “సాక్షి బయల్దేరింది, మన అబ్బాయికి ధైర్యం చెప్పు” అన్నాడు.