లైను పోయిన నాలుగు రోజులు

లైను మళ్లీ పోయింది.

నిబాల్డో బల్ల మీద అరచేత్తో ఒక్కటి చరిచాడు. తెర మీద తాను రాస్తున్న ప్రోగ్రాం కొయ్యబారిపోయి ఉంది. పరీక్షకని పంపిన మందుల అర్జీ చేరిందో లేదో చెప్పడం లేదు.

ఆచావో రేవులో వాన సోమవారం పొద్దున పట్టుకుంది. శుక్రవారం పడవ. ఆ పడవలో ఈ ప్రోగ్రాం ఎనిమిది దీవుల ఆరోగ్య కేంద్రాలకు వెళ్లాలి. అక్కడి నర్సులు మందులు అడిగితే, ఆ అర్జీ కాస్ట్రో పట్నంలోని డేటాబేస్‌లో పడాలి.

ఎడెల్మీరా కింద నుంచి వేడి వేడి మాతే తేనీరు తెచ్చింది. చివరి దీవిలో నర్సు ఆమె. ఈ ప్రోగ్రాం సంగతి తేలేదాకా కదలనని, ఆఫీసు మెట్ల కింది గదిలో మకాం పెట్టింది.

"ఏమైంది తమ్ముడూ?"

"నా ఖర్మ. లైను పోయిందక్కా. పోతే పోయింది, ఇది ఆ ముక్క చెప్పి చావదు. నోరు తెరుచుకుని అలాగే కూర్చుంది."

"మా ఆయనా అంతే. పిలిస్తే పలకడు. పది లెక్కపెట్టి నా పని నేను చూసుకుంటాను."

నిబాల్డో నవ్వలేదు. కానీ పది సెకన్లలో జవాబు రాకపోతే ఆశ వదులుకుని మళ్లీ పంపమని ప్రోగ్రాంలో రాశాడు.

మంగళవారం, అర్జీ అవతలికి చేరి 'అందింది' అన్న కబురు ఇవతలికి రాకముందే లైను పోయింది. ప్రోగ్రాం మళ్లీ పంపింది. మళ్లీ పోయింది. ఒకే మనిషికి ఇన్సులిన్ మూడుసార్లు రాసుకుంది డేటాబేస్.

"ఒకడికి మూడు వెళ్తే ఇంకొకడికి ఉండదు," అంది ఎడెల్మీరా. "నిరుడు ఒకాయన రాసిన ప్రోగ్రాం ఇక్కడ పువ్వులా నడిచింది. మా దీవికొచ్చి వారం తిరక్కుండానే ఇన్సులిన్ అర్జీ మింగేసింది. మా మరిదికి కాలు తీసేశారు."

నిబాల్డో కీబోర్డు ముందుకు లాక్కున్నాడు. ప్రతి అర్జీకీ విడిగా ఒక నంబరు ఇచ్చాడు. అదే నంబరు రెండోసారి వస్తే రాసుకోవద్దన్నాడు.

బుధవారం ఇంకో తంటా. తెగిపోయిన కనెక్షన్లను ప్రోగ్రాం మూయడం లేదు. అవన్నీ పేరుకుపోయి, మధ్యాహ్నానికి చోటు లేదని డేటాబేస్ తలుపేసుకుంది.

ఫోన్ల వాళ్లకు మూడోసారి ఫోన్ చేశాడు.

"మా వైపు లైను నిక్షేపంగా ఉంది సార్."

"నిక్షేపంగా ఉంటే నేనెందుకయ్యా ఏడుస్తున్నాను?"

ఫోన్ పెట్టేసి తల పట్టుకున్నాడు. "ఎక్కడ మెత్తగా ఉందో చూసి మరీ పొడుస్తున్నట్టుందక్కా."

"సముద్రం అంతేగా," అందామె.

గురువారం మధ్యాహ్నం లేచి కోటు తొడుక్కున్నాడు.

"ఇక నావల్ల కాదు. లైను బాగుపడ్డాక చూద్దాం. వచ్చే నెల పడవకి పంపిస్తాను."

"నువ్వు బాగుండే లైను కోసం రాస్తున్నావా, పోయే లైను కోసం రాస్తున్నావా?"

మాతే అతని ముందు పెట్టి ఆమె దిగిపోయింది.

నిబాల్డో కోటుతోనే కూర్చున్నాడు. తెగిన కనెక్షన్‌ను వెంటనే మూసెయ్యమని రాశాడు. మళ్లీ పంపేముందు ఒక సెకను ఆగమన్నాడు. అప్పటికీ కాకపోతే రెండు, ఆపైన నాలుగు, ఎనిమిది.

అర్జీ పంపాడు. లైను పోయింది.

పళ్లు బిగించాడే గాని కీబోర్డు ముట్టుకోలేదు. ఒకటి. రెండు. నాలుగు. ఎనిమిది గడుస్తుండగా లైను వచ్చింది. తెర మీద 'అందింది' అని పడింది. వెంటనే కాస్ట్రోకి ఫోన్ చేసి ఎన్ని పడ్డాయని అడిగాడు. ఒకటే అన్నారు.

"ఒకటే పడిందక్కా," అని మెట్ల మీదుగా వంగి కేకేశాడు.

కింది గదిలో ఎడెల్మీరా, నాలుగు రోజులుగా తాను పీకుతూ పెడుతూ వస్తున్న ఇంటర్నెట్ తీగను ఈసారి గట్టిగా లోపలికి నొక్కి, చెయ్యి తీసేసింది.