చల్లటి సూది

బావమరిదీ, నా కోడిగీతలకూ తప్పులకూ ఏమీ అనుకోకు.

నా మోకాలికి వేయాల్సిన జెల్ మందును నర్సు ఐసు డబ్బాలో తెచ్చింది. అది పడకపోతే నాకు మంచమే గతి. నర్సు అటు తిరగగానే మీ అక్క ఆ సిరంజిని తీసి అరచేతుల్లో పెట్టుకుని వెచ్చబెట్టింది. మందు కాస్తా గడ్డకట్టింది.

"ఎంత పని చేశావు అమ్మమ్మా! చల్లగా ఉంటేనే ఇది నీళ్లలా దిగుతుంది. ఒంటి వేడికి గడ్డకట్టాల్సింది మోకాలి లోపల!" అంది నర్సు.

"అంత చల్లటిది గుచ్చితే ఆయన ఓర్చుకోలేరమ్మా," అంది మీ అక్క. రోజూ నన్ను మొద్దురాయి అని దెప్పే మనిషి!

మళ్లీ ఐసులో పెడితే మందు పలచబడింది, సూది పడింది. ఇప్పుడు మీ అక్క చెయ్యి పట్టుకుని వీధి చివరిదాకా నడుస్తున్నాను.

ఆసరా అక్కర్లేదని డాక్టరు పోయిన వారమే చెప్పాడు. మీ అక్కకు నేను చెప్పలేదు. నీ కార్డు ముందు ఆమే చదువుతుంది కనుక, ఆ ఊసెత్తకుండా తొందరగా జవాబు రాయి.