ఎవరూ ముట్టని వంపు

"బయటికి రా! చేతిలో ఏంటది?"

లీటా మాట్సన్ ఒడ్డున రాతి మీద నిలబడి అరిచింది.

నీళ్లలోంచి తల ఎత్తిన ముసలాయన కంగారుపడ్డాడు. ఒంటి మీద అతుకులేసిన రబ్బరు సూటు. చేతిలో ఇనుప బద్ద.

ఉత్తర కాలిఫోర్నియా తీరంలో ఇనుప బద్దతో నీళ్లలో దిగాడంటే అది రాళ్లకి కరుచుకున్న అబలోన్ గుల్లల్ని ఊడదీయడానికే. వాటి వేటని ప్రభుత్వం ఎప్పుడో మాన్పించింది. దొంగలు మాత్రం మానలేదు.

"లేదమ్మా, నేను ఊరికే..."

"ఊరికే ఇనుప బద్ద పట్టుకుని జలకాలాడుతున్నావా?"

లీటా వెనకే వచ్చిన సిల్వేరా ఫక్కున నవ్వాడు. ఆమె బృందంలో మంచి ఈతగాడు, అంతకన్నా మంచి మాటకారి.

"లీటా, ఈయన ఎల్డన్ ప్రూయిట్. చలికాలంలో పని అడగడానికి వచ్చాడు, గుర్తుందా? ఈ వయసులో నువ్వు దిగితే నిన్ను వెతకడానికి ఇంకో నలుగురు దిగాలి తాతా అని నేనే పంపించేశా."

"ఓహో, ఆ కసితో దొంగతనానికి దిగాడన్నమాట!"

"దొంగని కాను తల్లీ. సంచీ చూసుకో, ఖాళీ."

"మమ్మల్ని చూడగానే నీళ్లలో వదిలేసి ఉంటావు. మాకు తెలీదా?"

ఎల్డన్ ఇంకేదో చెప్పబోయాడు. చలికి పళ్లు టకటకా కొట్టుకుంటుంటే మాట పెగల్లేదు. అప్పటికే లీటా తీరం కాపలా చూసే వార్డెన్‌కి ఫోన్ చేస్తోంది.

ఆమె కోపంలో న్యాయం లేకపోలేదు. ఒళ్లంతా ముళ్లుండే ఊదారంగు అర్చిన్ జీవులు లెక్కకు మించి పెరిగి, ఆ తీరంలో నీటి అడుగు నుంచి చెట్లలా లేచే కెల్ప్ నాచు అడవిని మొదలంటా నమిలేశాయి. చేపలు చెదిరిపోయాయి. మేత లేక అబలోన్లు మాడి చచ్చాయి. తీరానికి అక్కడ రెండు వంపులు. లీటా బృందం దక్షిణపు వంపులో దిగి, సుత్తులతో అర్చిన్లని కొట్టి, కెల్ప్‌ని మళ్లీ బతికిస్తోంది.

ఉత్తరపు వంపుని మాత్రం ఎవరూ ముట్టుకోకూడదని పై ఆఫీసు షరతు. పని చేసిన వంపునీ, చెయ్యని వంపునీ పక్కపక్కన పెట్టి చూస్తేనే కదా పని గుణం తెలిసేది! తేడా కనిపిస్తే తీరమంతా పని సాగుతుంది. లేకపోతే అంతటితో సరి.

ఎల్డన్ దొరికింది ఆ ఉత్తరపు వంపులోనే.

జడ్జి అతని సామాను లాగేసుకుని, ఇక సముద్రంలో కాలు పెట్టొద్దన్నాడు. ఊళ్లో కాఫీ హోటల్లో అతను కూర్చున్న బల్ల దగ్గర కూర్చోవడం అందరూ మానేశారు.

వేసవి నడిమికి దక్షిణపు వంపులో కెల్ప్ నీటి మీదికి తేలింది. లీటా చిన్నపిల్లలా గంతులేసింది.

ఆ వారమే ఉత్తరపు వంపులోనూ తేలింది.

"ఇదేం మాయ? ఇక్కడ మనం వేలు కూడా పెట్టలేదే!" అన్నాడు సిల్వేరా. ఆ పూట అతనికి కూడా నవ్వు రాలేదు.

పై ఆఫీసు నుంచి వచ్చిన పెద్దమనిషి రెండు వంపులూ చూసి తెగ సంబరపడ్డాడు.

"మంచి వార్తే కదమ్మా! ముట్టుకోని చోట కూడా పెరిగిందంటే సముద్రం తనంతట తానే కోలుకుంటోంది. ఇంక మీ సుత్తులతో పనేముంది?"

పని ఆగిపోయింది. సిల్వేరా లారీ తోలుకోవడానికి లోతట్టు ఊరికి వెళ్లిపోయాడు. లీటా ఏడ్చింది. అడవి బతికింది, అది చాల్లే అని తనకి తనే సర్దిచెప్పుకుంది.

మరుసటి వేసవికి రెండు వంపుల్లోనూ ఒక్క ఆకు లేదు.

లీటా ఒంటరిగా ఉత్తరపు వంపులో దిగింది. అడుగంతా ఊదారంగు అర్చిన్లే. నిరుడు ఇక్కడ అడవి ఎలా లేచిందో ఆమెకి అర్థం కాలేదు. రాళ్ల సందుల్లో చెయ్యి పెట్టింది. గుప్పెళ్ల కొద్దీ పగిలిన పాత అర్చిన్ పెంకులు వచ్చాయి.

చేపలు తిన్నవి కావు. పీతలు తిన్నవీ కావు. ప్రతిదానికీ నడినెత్తిన ఇనుము దెబ్బ.

ఏ సందు తడిమినా అవే. ఒడ్డు నుంచి లోతు దాకా, వంపు పొడవునా అవే.

లీటా తడి సూటుతోనే ఎల్డన్ ఉండే ట్రైలర్ ఇంటి దగ్గరికి పరిగెత్తింది. తలుపుకి తాళం వేసి ఉంది.

పక్క ట్రైలర్ ముందు ఆర్లీన్ అనే ముసలావిడ బట్టలు మడతపెడుతోంది.

"ఎల్డన్ కోసమా? చలికాలంలోనే పోయాడు. సాగనంపడానికి నేనూ, పాస్టరూ, అంతే. గుల్లల దొంగ కోసం ఇంకెవరొస్తారు?"

లీటా తాళం వైపు చూసింది.

"ఆ వంపులో ఏం చేసేవాడో... జడ్జికి చెప్పలేదా?"

"చెప్పకేం? దొరికిన ప్రతివాడూ అదే చెబుతాడన్నాట్ట జడ్జి. ఫిర్యాదు చేసినవాళ్లు మీరు. వినడానికి ఒక్కరైనా వెళ్లారా?"

ఆర్లీన్ ఇంకో చొక్కా తీసి మడతపెట్టింది.

"మీరు పనిలో పెట్టుకోకపోయినా నొచ్చుకోలేదు, పిచ్చి మనిషి. 'వాళ్లందరూ దక్షిణపు వంపునే పట్టుకున్నారు ఆర్లీన్. పాపం, ఉత్తరపు వంపుకి ఎవరూ దిక్కులేరు. దాన్ని నేను చూసుకుంటాలే' అనేవాడు. అంతకు ముందటి చలికాలమంతా పొద్దున్నే వెళ్లి, చేతులు కొంకర్లు పోయి వచ్చేవాడు."

లీటా ఎల్డన్ ట్రైలర్ మెట్టు మీద కూర్చుంది.

తనంతట తానే కోలుకుందని అందరూ మురిసిపోయిన ఆ సముద్రం, ఎల్డన్ ప్రూయిట్.